నొప్పి తెలియని వ్యాధి
(షుగరు వ్యాధిని గూర్చిన రేడియో ప్రసంగ పాఠం)

ధ్యాన భాగము: 2 రాజులు 20:1-7

  కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాలలో ఈ సమయమున రేడియో దగ్గర కూర్చున్న ప్రతి కుటుంబాన్నీ దేవుడు దీవించును గాక.

ఈ దినము షుగరు వ్యాధిని గూర్చి మీతో మాట్లాడాలని ప్రభువు నా హృదయములో భారముంచాడు. ఇది డాక్టరు గారు చెప్పవలసిన సంగతి గదా, పాస్టరు గారికి ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఎందుకో మొదటనే చెప్తాను.

కొన్ని సంవత్సరాల క్రితం మా పాస్టరేటులో ఒక సంఘ పెద్ద ఉండేవారు. ఆదివారం అందరికంటె ముందు వచ్చి చాపలు పరిచేది ఆయనే, గంట కొట్టేది ఆయనే. పదేండ్లుగా షుగరు మాత్రలు వాడుతున్నారు. ఒక స్వస్థత కూటములో ఆయన మీద చేతులుంచి ప్రార్థన చేశారు. నిజంగా నమ్మితే ఇక మాత్రలు ముట్టవద్దని అక్కడ ఎవరో అన్నారు. ఆయన ఇంటికి వచ్చి మాత్రలన్నీ కాలువలో పారేశారు. వచ్చే ఆదివారం సంఘములో నిలబడి సాక్ష్యం చెప్పారు. మేమందరం చప్పట్లు కొట్టి స్తోత్రం అన్నాం. నేను కూడా అన్నాను. "అన్నా, పరీక్ష చేయించుకున్నారా?" అని ఒక్క మాట అడుగలేదు.

తరువాత శ్రమల దినములు వచ్చాయి. ఆయన నలువది దినాలు ఉపవాసమున్నారు. శుభ శుక్రవారం నాడు మండుటెండలో మందిరం చుట్టూ వట్టి కాళ్లతో తిరిగి పనులు చేశారు. ఎక్కడో తుమ్మముల్లు దిగింది. ఆయనకు తెలియలేదు. ఈస్టరు దాటిన తరువాత ఒక ఉదయం ఆయన బిడ్డ ఇల్లు ఊడుస్తూ గచ్చు మీద చీము, రక్తం మరకలు చూసింది. అప్పటికే పాదం సగం నల్లబడింది. పట్నం ఆసుపత్రికి తీసుకపోతే మోకాలి కింద కాలు తీసివేయక తప్పలేదు.

నేను చూడబోయినప్పుడు ఆయన అన్న మాట నేటివరకు నా చెవిలో ఉంది. "అయ్యగారూ, ముల్లు దిగింది నాకు తెల్వనే తెల్వదు. నొప్పి లేదు గదా, దేవుడు బాగుచేసిండనుకున్న."

నొప్పి లేదు గదా! ప్రియులారా, ఈ వ్యాధి మోసమంతా ఆ మాటలోనే ఉన్నది. ఆ దినము నేను అడుగని ప్రశ్నను ఈ దినము మీ అందరినీ అడుగుతున్నాను. మీరు పరీక్ష చేయించుకున్నారా?

కాలువ నిండా నీళ్లు, పొలం మాత్రం ఎండ

అసలు షుగరు వ్యాధి అంటే ఏమిటి? మన ప్రాంతపు రైతుకు అర్థమయ్యేటట్టు చెప్తాను.

కాకతీయ కాలువలో నీళ్లు నిండుగా పారుతున్నాయి అనుకోండి. అయినా ఆ నీళ్లు వాటంతటవే పొలములోనికి రావు. తూము తెరవాలి. తూము తెరిచే నీరటి ఒకడు ఉండాలి. మనం తిన్న అన్నం, రొట్టె, గట్క అంతా కడుపులో అరిగి గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తములో కలుస్తుంది. రక్తం కాలువ వంటిది. శరీరములోని కణాలు పొలముల వంటివి. కడుపు వెనుక ఉన్న క్లోమగ్రంథి నుండి వచ్చే ఇన్సులిన్ ఆ నీరటి. ఇన్సులిన్ వచ్చి తూము తెరిస్తేనే చక్కెర కణములలోనికి పోయి శక్తినిస్తుంది.

కొందరు పిల్లలలో ఆ నీరటియే లేకుండా పోతాడు. దీనిని టైపు 1 అంటారు. వారికి ఇన్సులిన్ సూది తప్ప వేరే దారి లేదు. పెద్దవారిలో ఎక్కువగా వచ్చేది టైపు 2. ఇందులో నీరటి ఉన్నాడు గాని తూములు తుప్పు పట్టాయి. అతడు ఎంత తిప్పినా సరిగా తెరుచుకోవు. తిప్పి తిప్పి కొన్నేండ్లకు నీరటి కూడా అలసిపోతాడు. ఇక కాలువ నిండి కట్టలు తెగుతాయి, పొలం మాత్రం ఎండిపోతుంది. అందుకే షుగరు ఎక్కువైన మనిషి ఎంత తిన్నా నీరసంగానే ఉంటాడు, బక్కచిక్కుతాడు. రక్తములో ఎక్కువైన చక్కెర మూత్రములో పోతూ నీళ్లను కూడా లాగుకొని పోతుంది గనుక మాటిమాటికి మూత్రం వస్తుంది, దాహం తీరదు. మూత్రానికి చీమలు పట్టడం చూసి మన పూర్వకాలపు వైద్యులు దీనికి మధుమేహం అని పేరు పెట్టారు.

మూడవ రకం గర్భిణీ స్త్రీలలో వస్తుంది. కాన్పు తరువాత తగ్గిపోతుంది గాని, ఆ తల్లికి ముందు ముందు టైపు 2 వచ్చే ప్రమాదం ఎక్కువ. గనుక కాన్పు అయిపోయింది గదా అని ఊరుకోకూడదు. అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

ధనవంతుల రోగమని అనుకోవద్దు

"అయ్యగారూ, అది సేట్ల రోగం, కూలికి పోయేటోళ్లకు ఎక్కడిది?" అని కొందరు అంటారు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే వివరాలు 2023లో వచ్చాయి. మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉన్నదని అందులో తేలింది. పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా. ఇంకా 13 కోట్ల 60 లక్షల మంది షుగరుకు గడప దగ్గర నిలబడి ఉన్నారు. పల్లెలలో కూడా నూటికి దాదాపు 9 మందికి ఉన్నది. ఈ లెక్కన వంద మంది పెద్దలు కూర్చునే మన పల్లె మందిరములో తొమ్మిది పది మంది ఉండవచ్చు. మీ సంఘములో వారు ఎవరో మీకు తెలుసా?

మన తాతలకు లేనిది మనకు ఎందుకు వచ్చింది? మన ఇంటి కంచం చూడండి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో ఒకప్పుడు జొన్న రొట్టె, జొన్న గట్క, మక్క గట్క తినేవారు. వరి అన్నం పండుగనాడో, చుట్టాలు వచ్చిననాడో. 1963లో పోచంపాడు వద్ద గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. కాలువలు వచ్చాయి, మెట్ట పొలాలు వరి మళ్లు అయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2025 ఉగాది నుండి రేషను దుకాణములో సన్నబియ్యం ఇస్తున్నారు. ఇదంతా దేవుని దయయే. ఆకలి బాధ ఎరిగినవారు బియ్యాన్ని తప్పు పట్టరు. నేనూ పట్టను. అయితే తవుడంతా పోయేటట్టు తెల్లగా పట్టించిన బియ్యాన్ని మూడు పూటలా కంచం నిండా తిని, నాగలి పట్టిన చేయి ట్రాక్టరు స్టీరింగు పట్టితే, తిన్నది ఎక్కడికి పోవాలి?

పని కూడా మారింది. సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర గంటల తరబడి నిలబడే తమ్ముళ్లు, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పొద్దస్తమానం చాట ముందర కూర్చొని బీడీలు చుట్టే అక్కచెల్లెండ్లు, రామగుండం, మందమర్రి, బెల్లంపల్లిలో రాత్రి షిఫ్టు చేసి పగలు సగం నిద్ర పోయే సింగరేణి కార్మికులు, గల్ఫు దేశాలలో తిండికీ నిద్రకూ వేళ లేకుండా కష్టపడి వచ్చే మన బిడ్డలు, వీరందరూ కష్టజీవులే. కాని ఒకే చోట కూర్చొని చేసే పని, నిద్రలేమి, మనోవేదన, పొగాకు, ఇవన్నీ తూములకు తుప్పు పట్టిస్తాయి. పైగా మన భారతీయులకు సన్నగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు చేరే శరీరతత్వం ఉన్నది. మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. తల్లిదండ్రులకు షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్త పడాలి.

డిచ్‌పల్లి నేర్పిన పాఠం

ఇప్పుడు ఆ పెద్ద మాటకు తిరిగి వద్దాం. ముల్లు దిగితే నొప్పి ఎందుకు తెలియలేదు?

మన పొరుగు నిజామాబాద్ జిల్లాలోని డిచ్‌పల్లి పేరు మన పాత విశ్వాసులందరికీ తెలుసు. 1915లో అక్కడ ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు కుష్ఠు రోగుల కొరకు ఆసుపత్రి తెరిచారు. దానికి రాజా నర్సాగౌడ్ అనే దాత సహాయం చేశారు. ఊరు వెలివేసినవారిని సంఘం చేర్చుకున్న స్థలం అది. ఇసబెల్ కెర్ అమ్మగారు 1932లో మరణించేవరకు ఆ సేవలోనే ఉన్నారు.

కుష్ఠు రోగుల వేళ్లు ఎందుకు అరిగిపోతాయో చాలాకాలం సరిగా తెలియలేదు. రోగమే మాంసాన్ని తినేస్తుందని అనుకున్నారు. తమిళనాడు కొల్లిమలలలో మిషనరీ తల్లిదండ్రులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు ఆసుపత్రికి వచ్చి, ఈ సంగతిని శ్రద్ధగా పరిశోధించారు. ఆ రోగం నరాలను మొద్దుబారుస్తుంది, నొప్పి తెలియక మనిషి తన చేతులను, కాళ్లను తానే గాయపరచుకుంటాడు అని ఆయన గ్రహించారు. వేడి గిన్నె పట్టుకుంటాడు, మేకు మీద నడుస్తాడు, పుండు మీదనే బరువు మోపుతాడు. నొప్పి అనేది దేవుడిచ్చిన కావలివాడు. కావలివాడు నిద్రపోతే దొంగ ఇంట్లో దూరుతాడు.

తరువాత ఆయన అమెరికాకు వెళ్లినప్పుడు షుగరు రోగుల పాదాలలో కూడా అదే చూశారు. అధికమైన చక్కెర ఏండ్ల తరబడి నరాలను చెడగొడుతుంది. మొదట పాదాలు తిమ్మిరెక్కుతాయి, మంటలు మండుతాయి, తరువాత చెప్పు జారిపోయినా తెలియదు. రక్తనాళాలు కూడా మూసుకుపోతాయి గనుక గాయం మానదు. బీడీ, సిగరెట్టు తాగేవారికి ఇది రెండింతల కీడు.

పాదాలే కాదు, కండ్లలోని సన్నని రక్తనాళాలు చిట్లి చూపు పోతుంది. మూత్రపిండాలు చెడిపోయి డయాలిసిస్ దాకా పోతుంది. గుండెపోటు, పక్షవాతం వస్తాయి. షుగరు ఉన్నవారికి క్షయవ్యాధి అంటే టీబీ వచ్చే ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇవన్నీ మొదట్లో చప్పుడు లేకుండా, నొప్పి లేకుండా జరుగుతాయి. గనుక బాధ వచ్చినప్పుడు చూద్దాంలే అనేవాడు ఈ వ్యాధిలో ఎల్లప్పుడూ ఆలస్యంగానే చూస్తాడు.

పరీక్ష ఒక్కటే సాక్షి

30 ఏండ్లు దాటిన ప్రతివారూ పరీక్ష చేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో, పల్లె దవాఖానలో బిపి, షుగరు పరీక్షలు ఉచితముగా చేస్తారు, మాత్రలు కూడా ఇస్తారు. ఈ అంకెలు రాసి పెట్టుకోండి.

పరగడుపున చేసిన పరీక్షలో 100 లోపు ఉంటే మంచిది. 100 నుండి 125 వరకు ఉంటే గడప దగ్గర ఉన్నట్టు. 126 లేక అంతకంటె ఎక్కువ ఉంటే షుగరు వ్యాధి. గ్లూకోజు తాగిన రెండు గంటలకు చేసిన పరీక్షలో 140 లోపు మంచిది, 200 లేక అంతకంటె ఎక్కువైతే వ్యాధి. హెచ్‌బిఎ1సి అనే పరీక్ష గత మూడు నెలల సగటును చూపిస్తుంది. అందులో 5.7 లోపు మంచిది, 6.5 లేక అంతకంటె ఎక్కువైతే వ్యాధి. లక్షణాలేమీ లేనప్పుడు ఒక్క పరీక్షతో తీర్పు తీర్చకుండా డాక్టరు మరొకసారి చేయిస్తారు.

పరీక్షకు ముందు రెండు దినాలు కడుపు మాడ్చుకొని అంకె తగ్గించుకొనేవారు ఉన్నారు. బిడ్డ పెండ్లి ఆగిపోతుందేమోనని ఆమెకు షుగరు ఉన్న సంగతి దాచిపెట్టే తల్లిదండ్రులూ ఉన్నారు. ప్రియులారా, మనం దాచినంత మాత్రాన వ్యాధి దాగదు. దాచిపెట్టిన బిడ్డ అత్తగారింట సూది వేసికొనలేక ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. వెలుగులో నడిచే సంఘములో ఈ రోగం సిగ్గుపడవలసిన సంగతి కాకూడదు.

ప్రార్థనయా, మందులా?

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్నకు వద్దాం. మందులు వాడడం అవిశ్వాసమా?

మందులు వద్దనేవారు సాధారణంగా ఆసా రాజును చూపిస్తారు. 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయము 12వ వచనం. ఆశ్చర్యమేమిటంటే ఆయనకు వచ్చింది పాదముల రోగమే. ఆయన వైద్యులను ఆశ్రయించి యెహోవాను విచారించలేదని అక్కడ ఉన్నది. ఆ అధ్యాయం మొదటి నుండి చదవండి. యుద్ధం వచ్చినప్పుడు కూడా ఆయన దేవుని విడిచి సిరియా రాజును నమ్ముకున్నాడు, మందలించిన ప్రవక్తను చెరసాలలో వేయించాడు. ఆయన తప్పు వైద్యుని దగ్గరకు పోవడం కాదు, దేవుని దగ్గరకు పోకపోవడం.

ఇప్పుడు మన ధ్యాన భాగములోని హిజ్కియాను చూడండి. మరణకరమైన రోగం వచ్చింది. గోడ తట్టు ముఖం త్రిప్పుకొని కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించాడు. మూడవ దినమున మందిరానికి ఎక్కిపోతావని, మరి 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తున్నానని సాక్షాత్తు దేవుడే మాట ఇచ్చాడు. ఇక ఏమి కావాలి? అయినా 7వ వచనములో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెమ్మన్నాడు. తెచ్చి పుండు మీద వేశారు, రాజు బ్రతికాడు.

దేవుడు మాట ఇచ్చిన తరువాత కూడా ముద్ద ఎందుకు? ఆ రాజు వెంటనే, "ప్రవక్తా, నాకు వాగ్దానం ఉన్నది, ఈ ముద్ద వద్దు" అన్నాడా? అనలేదు. ప్రార్థన ఆలకించినవాడూ ముద్ద వేయించినవాడూ ఒక్క దేవుడే అని ఆయనకు తెలుసు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడే. కడుపు జబ్బు గల తిమోతికి పౌలు ఆ కాలపు మందు చెప్పాడు గాని, విశ్వాసం లేదని గద్దించలేదు.

1922 జనవరి కంటె ముందు టైపు 1 షుగరు వచ్చిన పిల్లలు బక్కచిక్కి, స్పృహ తప్పి చనిపోయేవారు. ఆ నెలలో కెనడాలోని టొరంటోలో 14 ఏండ్ల ఒక బాలునికి మొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. అతడు కోలుకున్నాడు. దానిని కనుగొన్న ఫ్రెడరిక్ బాంటింగ్, ఆయన తోటివారు కోట్లు సంపాదించుకోవచ్చు. కాని తమ హక్కులను ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి అప్పగించారు. బాంటింగ్ పుట్టిన నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా పాటిస్తున్నాం. ప్రియ సహోదరా, ఇన్సులిన్ సూదిని చూచి భయపడవద్దు. అది చివరి దశ కాదు, మత్తుమందు వంటి అలవాటు కాదు. అలసిపోయిన నీరటికి తోడు పంపించడమే. అదే మన కాలపు అంజూరపు ముద్ద.

అయితే దేవుడు అద్భుతంగా స్వస్థపరచలేడా? పరచగలడు. నేను రోగుల కొరకు ప్రార్థించడం మానలేదు, మానను. కాని ఒక మాట. పదిమంది కుష్ఠరోగులను ప్రభువు ఎక్కడికి పంపించాడు? యాజకుల దగ్గరకు వెళ్లి కనుపరచుకొమ్మన్నాడు. ఆ దినములలో స్వస్థతను పరీక్షించి చెప్పవలసినవాడు యాజకుడు. గనుక మీరు స్వస్థత పొందారని నమ్మితే, డాక్టరు దగ్గరకు వెళ్లి కనుపరచుకోండి. నిజముగా తగ్గితే మాత్రలు తగ్గించేది ఆయనే. పరీక్షకు నిలిచే సాక్ష్యం దేవునికి మహిమ. పరీక్షకు భయపడే సాక్ష్యం ఎవరికి మేలు? పాస్టరులారా, నాతోటి సేవకులారా, మందు మానమని మనం చెప్పవద్దు. ఎవరైనా మానితే "ఎవరు మానమన్నారు?" అని అడుగుదాం. నేను అడుగని మాటకు ఒక సహోదరుడు కాలుతో వెల చెల్లించాడు.

ఉపవాసము, పండుగ భోజనము

ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు తినకుండా ఉంటే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. 70 కంటె తగ్గితే ప్రమాదం. వెంటనే మూడు చెంచాల చక్కెర గాని, గ్లూకోజు గాని నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మరల ఇవ్వాలి. స్పృహ తప్పినవాని నోట్లో మాత్రం ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి. ఉపవాస కూటములో ఎవరైనా చెమటలు పట్టి పడిపోతే ఆత్మావేశమని కొందరు, దయ్యమని కొందరు అనుకొని సమయం పోగొట్టవద్దు.

గనుక షుగరు ఉన్నవారు డాక్టరును అడుగకుండా ఉపవాసముండరాదు. యెషయా 58వ అధ్యాయం చదవండి. దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడం, బీదను ఇంట చేర్చుకోవడం. శ్రమల దినములలో మీరు చాయ్‌లో చక్కెర మానండి, కూల్‌డ్రింకు మానండి, బీడీ మానండి, ఆ డబ్బు ఒక బీద రోగి మందులకు ఇవ్వండి. అది దేవునికి ఇష్టమైన ఉపవాసం.

సామెతలు 25వ అధ్యాయములో తేనె దొరికితే తగినంత మట్టుకే తినమని సలహా ఉన్నది. తేనెను సృష్టించిన దేవుడే హద్దు కూడా చెప్పాడు. తేనె, బెల్లం షుగరువారికి ఫరవాలేదనే మాట నిజం కాదు. అవి కూడా చక్కెరయే. కల్లు తాగితే షుగరు తగ్గుతుందనే మాట అసలే నమ్మవద్దు. కాకరకాయ తినండి మంచిదే, కాని దానిని నమ్ముకొని మాత్రలు మానవద్దు. జొన్న రొట్టె మంచిది, కాని ఎన్నైనా తినవచ్చని కాదు. ప్రభు బల్లలో ద్రాక్షారసం తీసికొనవచ్చా అని ఒక తల్లి అడిగింది. అమ్మా, ఆ ఒక్క చెంచాతో ఏమీ కాదు, నిర్భయంగా తీసికొనండి. ఆరాధన తరువాత వచ్చే చాయ్, బిస్కట్ల దగ్గర భయపడండి! మేము గృహదర్శనానికి వస్తే ప్రతి ఇంట్లో రెండు చెంచాల చక్కెరతో చాయ్ ఇస్తారు. ఎనిమిది ఇండ్లు తిరిగితే పదహారు చెంచాలు. మీ ప్రేమ తగ్గించవద్దు, చక్కెర తగ్గించండి.

రాకుండా ఆపవచ్చా?

ఆపవచ్చు. 2002లో అమెరికాలో వెల్లడైన ఒక పెద్ద పరిశోధనలో, గడప దగ్గర ఉన్నవారు వారానికి 150 నిమిషాలు నడిచి, బరువులో నూటికి ఏడు పాళ్లు తగ్గించుకునేటట్టు ప్రయత్నించగా, షుగరు వచ్చేది 58 శాతం తగ్గింది. మాత్రతో తగ్గింది 31 శాతమే. 2006లో చెన్నై వైద్యులు మన భారతీయుల మధ్యనే చేసి చూపిన పరిశోధనలో కూడా తిండి, నడక మార్పుతో 28 శాతం తగ్గింది.

నయమాను సంగతి జ్ఞాపకం చేసికొనండి. ఏదైనా గొప్ప కార్యం చేయమంటే చేసేవాడు గాని, నదిలో మునుగమంటే కోపగించుకున్నాడు. మనమూ అంతే. పెద్ద ఆపరేషనుకు పొలం అమ్ముతాం గాని, అరగంట నడువమంటే నామోషీ. వారానికి ఐదు దినాలు అరగంట వేగముగా నడవండి. కంచములో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు, గుడ్డు వంటివి, మిగిలిన పావు వంతే అన్నం గాని రొట్టె గాని పెట్టుకోండి. దానియేలు అతని స్నేహితులు పది దినాలు శాకధాన్యాలతో పరీక్షకు నిలిచారు గదా! వేళకు నిద్రపొండి. పొగాకు, మద్యం విడిచిపెట్టండి.

వ్యాధి ఇప్పటికే ఉన్నవారు మూడు నుండి ఆరు నెలలకొకసారి హెచ్‌బిఎ1సి, ఏడాదికొకసారి కండ్ల పరీక్ష, మూత్రపిండాల పరీక్ష, పాదాల పరీక్ష చేయించుకోవాలి. మాత్రల వలన కిడ్నీలు చెడుతాయని మానవద్దు. కిడ్నీలను చెడగొట్టేది అదుపులో లేని షుగరే.

పాదములు కడిగిన ప్రభువు

చివరిగా ఒక్క మాట. సిలువకు ముందు రాత్రి ప్రభువు ఏమి చేశాడు? పళ్లెములో నీళ్లు పోసి, తువాలు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగాడు. మీరును ఒకరి పాదములు ఒకరు కడుగవలెనని యోహాను 13వ అధ్యాయములో మనకు మాదిరి ఉంచాడు. మనం ఏడాదికొకసారి ఆ ఆచారం చేస్తాం. షుగరు ఉన్న ఇంట్లో అది ప్రతి సాయంకాలం జరుగవలసిన పని.

నొప్పి తెలియని పాదానికి ఇంటివారి కండ్లే కావలి. కాబట్టి బిడ్డలారా, ప్రతి రాత్రి మీ నాన్న పాదాలు, అమ్మ పాదాలు చూడండి. అడుగు భాగం, వేళ్ల సందులు చూడండి. గోరువెచ్చని నీళ్లతో కడగండి. వేడి ఎంత ఉన్నదో మీ చేతితో చూడండి, వారికి తెలియదు. వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి. కాయలను బ్లేడుతో కోయనివ్వకండి. మెత్తని చెప్పులు కొనిపెట్టండి, పొలములో గాని ఇంట్లో గాని వట్టి కాళ్లతో తిరుగనివ్వకండి. చిన్న పుండైనా, ఎరుపైనా కనిపిస్తే తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకపోండి.

సంఘ పెద్దలారా, మందిరం ముందర ముండ్లు, రాళ్లు ఊడ్పించండి. ఎండకాలం గుమ్మం వరకు చాప పరిపించండి. షుగరు ఉన్నవారు మెత్తని చెప్పులతో లోపలికి వస్తే ఎవరూ వారిని తప్పు పట్టవద్దు. ఏడాదికొక ఆదివారం ఆరాధన తరువాత నర్సమ్మను పిలిపించి అందరికీ పరీక్ష చేయించండి. మొదట పాస్టరు గారు వేలు చాపాలి.

మా సంఘ పెద్ద నేడు కృత్రిమ కాలుతో నడుస్తున్నారు. మాత్రలు వేళకు వేసుకుంటారు, ప్రార్థన ఏ దినమూ మానరు. మొన్న నాతో అన్నారు, "అయ్యగారూ, నా కాలు పోయిన ముచ్చట అందరికీ చెప్పుండ్రి. ఇంకొకని కాలు మిగులుతది." ఆయన సెలవుతోనే ఈ దినము మీకు చెప్పాను. ఇది కూడా సాక్ష్యమే.

ప్రార్థన చేసికొందాం. పరలోకపు తండ్రీ, మా శరీరములను నీ ఆలయముగా ఇచ్చినందుకు స్తోత్రం. షుగరుతో బాధపడే ప్రతి బిడ్డను స్వస్థపరచుము. వైద్యుల చేతులను, మందులను దీవించుము. తెలియక మందు మానినవారిని తిరిగి మేలుకొలుపుము. ఒకరి పాదములను ఒకరు చూచుకొనే ప్రేమను మా ఇండ్లకు దయచేయుము. మా కొరకు పాదములలో మేకులు పొందిన యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.